పండించిన చెయ్యి, పట్టా ఉన్న చెయ్యి

(పాలకుర్తిలో చాకలి ఐలమ్మ వర్ధంతి సందర్భంగా చేసిన స్మారకోపన్యాసం పాఠం)



చిట్యాల ఐలమ్మ 1985 సెప్టెంబర్ 10న ఈ పాలకుర్తిలోనే కన్నుమూసింది. తొంభై ఏళ్లు నిండటానికి కొద్ది రోజులే తక్కువ. ఆమె పేరిట జరిగే ఈ సభలో సోషలిస్టు సిద్ధాంతం గురించి, అది ఈ రోజుకు పనికొస్తుందా లేదా అన్న దాని గురించి మాట్లాడమన్నారు. ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో నాకు స్పష్టంగానే ఉంది. ఐలమ్మ పొలం దగ్గర మొదలుపెట్టాలి.

మనం ఆమెను వీరనారి అంటాం. బొమ్మల్లో రోకలిబండ, కొంగు నడుముకు చుట్టిన మనిషి కనిపిస్తుంది. ఆ గౌరవం ఆమెకు దక్కాల్సిందే. ప్రభుత్వం జయంతి, వర్ధంతి అధికారికంగా జరుపుతోంది. 2024లో హైదరాబాద్ కోఠి మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. ఇదంతా సంతోషించాల్సిన విషయమే. కానీ ఈ గౌరవాల నడుమ ఒక సంగతి జారిపోతున్నది. ఐలమ్మ కౌలురైతు. ఆమె కొట్లాడిన భూమి ఆమె పట్టా భూమి కాదు. మల్లంపల్లి మక్తేదారు కొండలరావు దగ్గర నలభై ఎకరాలు కౌలుకు తీసుకున్నారు, అందులో నాలుగెకరాలు సాగులోకి తెచ్చి వరి పెట్టారు. తెలంగాణ సాయుధ పోరాటానికి ముఖచిత్రంగా మారిన మనిషి పట్టాదారు కాదన్న సంగతి ఇవాళ పట్టాదారు పాస్ పుస్తకం ఉన్నవాడే రైతు అంటున్న రాష్ట్రంలో గుర్తుచేయాల్సి వస్తున్నది.

అప్పుడు పాలకుర్తి నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలో ఉండేది. తర్వాత వరంగల్ జిల్లా అయింది, 2016 నుంచి జనగామ జిల్లా. జిల్లాలు మారినా ఆ రోజుల్లో ఈ ప్రాంతానికి నిజమైన హద్దు విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డి అధికారం. అరవై ఊళ్ల మీద పెత్తనం, నలభై వేల ఎకరాల భూమి. చాకలి కులంలో పుట్టిన ఒక ఆడమనిషి వెట్టికి పోకుండా, కౌలుకు భూమి పట్టి, సొంతంగా పంట తీయడమే ఆ దొర గడికి మింగుడుపడని విషయం. తన పొలంలో పనికి రమ్మని ఊరి పట్వారీ పిలిస్తే ఆమె పోలేదు. ఆంధ్ర మహాసభలో, జనం నోట్లో ‘సంగం’లో, చేరింది. దాంతో ఆ పంటే తనదని దొర అన్నాడు.

ఆ కోత రోజును కొంచెం దగ్గరగా చూడాలి. వరి కోతకొచ్చింది. దొర తన గుండాలను, కోత కూలీలను పొలం మీదికి పంపాడు. ఐలమ్మ, ఆమె కుటుంబం పొలానికి అడ్డం నిలబడ్డారు. సంగం కార్యకర్తలు గుత్పలు పట్టుకొని వచ్చారు. సంఖ్యలో దొర మనుషులకంటే బాగా తక్కువే. అయినా వచ్చినవాళ్లు వెనుదిరగాల్సి వచ్చింది. అంతటితో సంగం పని అయిపోలేదు. పంట కోశారు, కొట్టారు, వడ్లు మోసుకొచ్చి ఐలమ్మ ఇంట్లో పోశారు. తర్వాత దొర మనుషులు పోలీసులను వెంటబెట్టుకొని వచ్చినా ఆ గింజలను ముట్టుకోలేకపోయారు. కేసులు పెట్టారు, నాయకులను పట్టుకొనిపోయి చిత్రహింసలు పెట్టారు, ఐలమ్మ కుటుంబం మీద దాడులు జరిగాయి. భూమి మాత్రం వాళ్ల చేయి దాటలేదు.

దొర ఆ రోజు పొలంలోకి మనుషులను దున్నేటప్పుడు పంపలేదు, నాటేటప్పుడు పంపలేదు. కోతకు పంపాడు. సోషలిస్టు సిద్ధాంతం అడిగే మొదటి ప్రశ్న అక్కడే ఉంది: పని చేసింది ఒకరైతే, కల్లంలో రాశి పోసిన నిమిషాన దానిమీద చెయ్యి వేసే హక్కు ఇంకొకరికి ఎక్కడి నుంచి వచ్చింది? పెద్ద పుస్తకాల్లో అదనపు విలువ అన్నా, భూమి కౌలు అన్నా, దోపిడీ అన్నా ఈ ప్రశ్నకు జవాబు వెతకడమే.

కార్ల్ మార్క్స్ 1883లో చనిపోయాడు. ఆయన రాసి వదిలిన చిత్తుప్రతులను ఎంగెల్స్ సరిచేసి 1894లో ‘కాపిటల్’ మూడో సంపుటంగా అచ్చువేశాడు. మన దగ్గర మొదటి సంపుటం గురించి ఎక్కువ మాట్లాడతారు. రంగనాయకమ్మ గారు తెలుగులో పరిచయం రాసిన తర్వాత చాలామంది దాన్ని చదివారు కూడా. రైతు దేశంలో ఉన్న మనకు మూడో సంపుటంలో భూమి కౌలు గురించిన భాగం ఇంకా దగ్గరిది అని నేననుకుంటాను. అందులో మార్క్స్ పెట్టుబడిదారీ విధానానికి ముందు భూస్వామికి చేరిన కౌలును మూడు రూపాల్లో చూస్తాడు. మొదటిది శ్రమ రూపం: రైతు వారంలో కొన్ని రోజులు దొర పొలంలో ఊరికే పనిచేస్తాడు. రెండోది పంట రూపం: తన పొలంలో పండించిందాంట్లో భాగం ఇస్తాడు. మూడోది డబ్బు రూపం: పంట అమ్ముకొని రూపాయల్లో కడతాడు. యూరప్ చరిత్ర చూసి రాసిన ఈ మూడు రూపాలూ మూడు తరాల్లో ఈ ఊళ్ల మీదుగా నడిచిపోయాయి.

శ్రమ రూపం అంటే వెట్టి. దీన్ని వివరించాల్సిన పని ఈ సభలో కూర్చున్న పెద్దవాళ్లకు లేదు, పిల్లలకోసం చెప్తున్నాను. చాకలివాళ్లు గడిలో బట్టలు ఉతకాలి, అంట్లు తోమాలి, పెళ్లిళ్లప్పుడు రాత్రింబవళ్లు చాకిరీ చేయాలి. కుమ్మరివాళ్లు కుండలు ఇవ్వాలి. మాదిగవాళ్లు చెప్పులు, మోటబొక్కెనలు కుట్టివ్వాలి, కబురు మోయాలి, అధికారి వస్తే సామాను నెత్తిన పెట్టుకొని పక్క ఊరిదాకా దిగబెట్టాలి. గొల్లవాళ్లు గొర్రె ఇవ్వాలి. రైతు తన పొలానికి నీళ్లు పెట్టకముందు దొర పొలానికి పెట్టాలి, నాగళ్లు ముందు అక్కడ కట్టాలి. కూలి లేదు, కూడు లేదు. మార్క్స్ చెప్పిన శ్రమ రూపానికి ఇక్కడ ఒక తేడా ఉంది, దాని దగ్గరికి కొంచెంసేపట్లో వస్తాను.

పంట రూపం అంటే సర్కారు బలవంతంగా వసూలు చేసే లెవీ గల్లా, పాలుకు చేసే సేద్యం, నాగు అప్పు. కరువు నెలల్లో దొర దగ్గర గింజలు తెచ్చుకుంటే కల్లం మీద దానికి సగం కలిపి ఇవ్వాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లెవీ భారం చిన్న రైతు మీద పడింది, పెద్ద భూస్వాముల గాదెలు తప్పించుకున్నాయి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన మహాసభ తర్వాత సంగం ఊరూరికీ పాకింది ఈ రెండింటి మీదే: వెట్టి చేయం, అన్యాయపు లెవీ ఇవ్వం. 1946 జులై 4న ఇక్కడికి దగ్గర్లోని కడవెండిలో ఊరేగింపు మీద విసునూరు దొర మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య ఒరిగిపోయాడు. ఆ తర్వాతి చరిత్ర మీకు తెలుసు. పుచ్చలపల్లి సుందరయ్య గారు ఇచ్చిన లెక్క ప్రకారం సుమారు మూడు వేల ఊళ్లలో పది లక్షల ఎకరాలు పంచారు, నాలుగు వేల మంది ప్రాణాలు కోల్పోయారు. 1948 సెప్టెంబర్‌లో భారత సైన్యం వచ్చింది, దాని వెనకే పారిపోయిన దొరలు కొందరు తిరిగొచ్చారు, పంచిన భూమిలో చాలా భాగం మళ్లీ గుంజుకున్నారు. 1951 అక్టోబర్ 21న పోరాటం విరమించారు. వెట్టి మాత్రం మళ్లీ తలెత్తలేదు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. అంటే శ్రమ రూపాన్ని ఈ నేల పోరాడి పూడ్చిపెట్టింది.

ఇక మూడో రూపం, డబ్బు కౌలు. అది ఈ రోజు మన చుట్టూ ఉంది. ఈ ఏడు పత్తి వేసిన వాళ్లలో, వరి నాటిన వాళ్లలో ఎంతోమంది భూమి గుత్తకు పట్టినవాళ్లే. మార్క్స్ ఈ డబ్బు రూపం గురించి చెప్పిన విషయం చూడండి. పంటలో భాగం ఇచ్చే రోజుల్లో పంట పోతే భూస్వామి భాగం కూడా పోతుంది. డబ్బు రూపంలోకి మారగానే భూమి ఇచ్చినవాడికి ధర పడిపోయినా, వాన పడకపోయినా తన రూపాయలు తనకు రావాలి. పంటను డబ్బుగా మార్చే భారం, మార్కెట్టు దెబ్బ, వాతావరణం దెబ్బ అన్నీ దున్నేవాడి వైపుకు జరిగిపోతాయి. నూటముప్పై ఏళ్ల కిందట అచ్చయిన మాట ఇది. ఇప్పుడు మన ఊళ్లలో గుత్త చాలాచోట్ల విత్తనం వేయకముందే చేతికివ్వాలి. అంటే ఆ డబ్బు కూడా మిత్తికి తెచ్చిందే.

లెక్క కోసం ఒక మనిషిని అనుకుందాం. ఐలమ్మ లాగే నాలుగెకరాలు కౌలుకు పట్టాడు. ఎకరానికి గుత్త ఇంత అని ముందే కట్టాడు. విత్తనాలు, మందు బస్తాలు ఫర్టిలైజర్ దుకాణంలో ఉద్దరకు తెచ్చాడు. బ్యాంకు పంట అప్పు పాస్ పుస్తకం మీద ఇస్తుంది, అది అతని దగ్గర లేదు. పత్తి ఏరాక సీసీఐ పత్తి కొనుగోలు కేంద్రానికి పోతే పట్టాదారు వివరాలు అడుగుతారు, అందుకని ఉద్దర ఇచ్చిన దుకాణదారుకే, అతను చెప్పిన ధరకే తూకం వేస్తాడు. ఇదే నాలుగెకరాల మీద ప్రభుత్వ సాయం రైతుభరోసా ఎకరానికి సీజన్‌కు 6,000 రూపాయలు, అంటే వానాకాలం, యాసంగి కలిపి ఏడాదికి 48,000 రూపాయలు పట్టాదారు ఖాతాలో పడతాయి. పడాల్సిన గుత్త గుత్తగా పడుతుంది. ఈ కౌలురైతు ఏదైనా జరిగి చనిపోతే, 2018 నుంచి అమల్లో ఉన్న రైతుబీమా అయిదు లక్షలు అతని కుటుంబానికి రావు. అతని పేరు రైతుల జాబితాలోనే ఉండదు. ఐలమ్మ కల్లం మీదికి దొర మనుషులు కర్రలు పట్టుకొని రావాల్సి వచ్చింది. ఈ రోజు ఎవరూ రావాల్సిన పనిలేదు, రికార్డే ఆ పని చేస్తున్నది.

ఇది ఎట్లా జరిగిందో చెప్పడం అవసరం, ఎందుకంటే ఇందులో మంచి ఉద్దేశంతో చేసిన చట్టాలు కూడా ఉన్నాయి. 1950 చట్టం రక్షిత కౌలుదారు అనే హక్కును సృష్టించింది. 1970లలో 38-ఇ సెక్షన్ కింద చాలామందికి యాజమాన్య హక్కు పత్రాలు వచ్చాయి. 1973లో భూసంస్కరణల చట్టం వచ్చింది. మరోపక్క ఆ 1950 చట్టమే భూమి కౌలుకివ్వడం మీద గట్టి పరిమితులు పెట్టింది. కౌలుకిస్తే భూమి పోతుందన్న భయం పట్టాదారుల్లో నాటుకుంది. దాంతో కౌలు ఆగలేదు, కౌలు కాగితం ఆగింది. నోటిమాట మీద, ఏటికేడు భూమి మార్చుకుంటూ సాగు నడుస్తున్నది. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో భూ అధీకృత సాగుదారుల చట్టం తెచ్చి, కౌలురైతులకు ఏడాది పాటు చెల్లే రుణ అర్హత కార్డులు ఇవ్వడం మొదలుపెట్టారు. తెలంగాణ వచ్చాక ఆ కార్డులు క్రమంగా కనపడకుండా పోయాయి. 2018 మేలో ఎకరానికి 4,000 రూపాయలతో రైతుబంధు మొదలైంది, కౌలురైతుకు ఇవ్వబోమని అప్పుడే స్పష్టంగా చెప్పారు. 2020లో కొత్త రెవెన్యూ చట్టం, ధరణి భూరికార్డుల పోర్టల్ వచ్చాక పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ కూడా పోయింది. 2023 ఎన్నికలప్పుడు కౌలురైతుకు కూడా ఎకరానికి ఏడాదికి 15,000 అన్న హామీ విన్నాం. 2025 జనవరి నుంచి వస్తున్న 12,000 మళ్లీ పట్టాదారుకే. ధరణి పోయి 2025 ఏప్రిల్‌లో భూభారతి వచ్చింది, కౌలురైతును ఎవరు గుర్తించాలన్న ప్రశ్న అక్కడే నిలబడి ఉంది. పార్టీలు మారినా ఈ ఒక్క విషయంలో రికార్డు మారలేదు.

మార్క్స్ కౌలు సిద్ధాంతంలో ఇంకో పాఠం ఉంది. ఒక నేల మీద ఎక్కువ మిగులు వచ్చే అవకాశం ఏర్పడితే, అది మంచి నేల వల్ల కావచ్చు, నీటి వసతి వల్ల కావచ్చు, దారి దగ్గరవడం వల్ల కావచ్చు, ఆ మిగులును చివరికి భూమి హక్కున్నవాడు కౌలు రూపంలో లాగేసుకుంటాడు. దున్నేవాళ్లు ఒకరితో ఒకరు పోటీపడి గుత్త పెంచుతారు కాబట్టి. గోదావరి నుంచి దేవాదుల ఎత్తిపోతల నీళ్లు తెచ్చింది ప్రజల డబ్బుతో. నీళ్లొచ్చిన చోట గుత్త ఎందుకు పెరిగిందో, ఎకరం ధర ఎందుకు కోటలు దాటిందో తెలుసుకోవాలంటే నాకు ఇంతకంటే సూటిగా చెప్పే సిద్ధాంతం ఇంకొకటి కనపడలేదు. ఎకరానికి ఇంత అని ప్రభుత్వం ఇచ్చే సాయం కూడా ఇదే దారిలో పోతుంది. భూమికి ఇచ్చిన సాయం భూమి ఉన్నవాడికి చేరుతుంది, శ్రమకు చేరాలంటే శ్రమను లెక్కపెట్టాలి. రైతుబంధు మీద జరిగిన చర్చలో ఈ చిన్న విషయాన్ని చెప్పినవాళ్లను రైతు వ్యతిరేకులన్నారు. చాలా బాధ కలిగిన విషయం అది.

ఇప్పుడు ఎదురు ప్రశ్న వస్తుంది. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయింది కదా, ఇంకా ఈ సిద్ధాంతం ఎందుకు అని. ఈ ప్రశ్న అడిగేవాళ్లను నేను తేలిగ్గా తీసుకోను. 1929 తర్వాత రష్యా, ఉక్రెయిన్ ఊళ్లలో రైతులను బలవంతంగా ఉమ్మడి క్షేత్రాల్లోకి తోశారు, ఆ తర్వాతి కరువులో లక్షల మంది ఆకలితో చనిపోయారు. ఆ నేరానికి సమర్థన లేదు. అయితే ఎంగెల్స్ 1894లో ఫ్రాన్స్, జర్మనీ రైతుల సమస్య గురించి రాసినప్పుడు చిన్న రైతు భూమిని బలవంతంగా తీసుకోకూడదని తేల్చిచెప్పాడు. సహకారం మేలని ఉదాహరణతో చూపాలి, సాయం చేయాలి, అతను ఆలోచించుకోవడానికి టైమివ్వాలన్నది ఆయన వాదన. మార్క్స్ కూడా 1881లో వేరా జాసులిచ్ అనే రష్యన్ విప్లవకారిణికి జవాబు రాస్తూ, తాను పశ్చిమ యూరప్ గురించి చేసిన విశ్లేషణను అన్ని దేశాలకూ తప్పనిసరి దారిగా చూడవద్దని చెప్పాడు. రష్యా గ్రామ సమాజం గురించి ఆ ఉత్తరానికి ఆయన మళ్లీమళ్లీ చిత్తుప్రతులు రాసుకున్నాడు. అంత జాగ్రత్తగా ఆలోచించిన మనిషిని తర్వాతివాళ్లు వేదంగా మార్చారు. వేదం చేసినవాళ్ల తప్పుకు ప్రశ్ననే వదిలేస్తే నష్టపోయేది నాలుగెకరాల మనిషే.

సిద్ధాంతం చూడలేకపోయినవి కూడా ఉన్నాయి. ఇందాక వెట్టి దగ్గర ఆపిన మాట ఇదే. యూరప్ రైతు దొర పొలంలో చేసిన వెట్టి రైతుగా చేసింది. మన దగ్గర వెట్టి కులాన్ని బట్టి పంచి ఉంది. ఎవరు ఏం మోయాలి, ఏం ఉతకాలి, ఎవరి ముందు చెప్పులు విడవాలి అన్నది పుట్టుకతోనే తేలిపోయేది. ఐలమ్మ మీద దొరకు వచ్చిన కోపంలో నాలుగెకరాల వడ్ల విలువ కొంతే, చాకలి మనిషి ఎదురు నిలబడ్డదన్నది అంతకంటే ఎక్కువ. 1936లో డాక్టర్ అంబేద్కర్ ‘కుల నిర్మూలన’లో సోషలిస్టులను అడిగిన ప్రశ్న ఇదే చోట తగులుతుంది. కులం పనిని మాత్రమే విభజించదు, పనిచేసే మనుషులనే ఒకరిమీద ఒకరిని మెట్లుగా నిలబెడుతుంది, ఆ మెట్లు కూలకుండా పేదలంతా ఒక్కటవుతారని ఎట్లా నమ్ముతారు అని ఆయన అడిగాడు. దానికి మన ఎర్ర జెండాలు ఎన్నో ఏళ్లు సరైన జవాబు ఇవ్వలేదు. భూమి పంపకంలో కూడా ఇది కనిపించింది. సంగం మొదట భూస్వామికి 500 ఎకరాల గరిష్ఠ పరిమితి పెట్టింది, తర్వాత రెండు వందలకు, చివరికి మెట్ట వంద, తరి పది ఎకరాలకు దించింది. ఏ పరిమితి దగ్గర ఎవరికి ఎంత భూమి మిగిలింది, మాల మాదిగ వాడల దాకా ఎంత చేరింది అన్న ప్రశ్నను కులాన్ని పక్కనబెట్టి అడగలేం.

ఆడవాళ్ల సంగతి ఇంకోటి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ అచ్చువేశారు. సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల మాటలు వాళ్ల నోటి నుంచే తీసుకొని చేసిన పుస్తకం. తుపాకీ పట్టినవాళ్లు, దళాలకు అన్నం వండినవాళ్లు, అడవిలో బిడ్డను కన్నవాళ్లు అందులో ఉన్నారు. పోరాటం ఆగాక ఇంటికి పొమ్మంటే వాళ్లలో ఎంతమందికి దిక్కుతోచలేదో చదివితే గుండె బరువెక్కుతుంది. ఆ పుస్తకాన్ని సిద్ధాంత గ్రంథంగా చదవాలని నేనంటాను. వంట, కాన్పు, పిల్లల పెంపకం శ్రమగా లెక్కలోకి రాని సిద్ధాంతం సగం సిద్ధాంతమే. ఈనాటి మన ఊళ్లకు వస్తే, నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి ఏరేది ఎక్కువగా ఆడవాళ్లు. పట్టా ఎవరి పేరున ఉందో మీ మీ ఇళ్లలో చూసుకోండి. కౌలురైతు భర్త అప్పులతో చనిపోతే ఆ కౌలు, ఆ అప్పు రెండూ ఆమె మీద పడతాయి, రైతు అన్న పేరు మాత్రం ఆమెకూ రాదు.

పాలకుర్తిలో నిలబడి సమానత్వం గురించి మాట్లాడుతూ ఈ ఊరి కవి పాల్కురికి సోమనాథుణ్ణి తలుచుకోకుండా ఉండలేం. పదమూడో శతాబ్దంలో ఆయన పండితుల పద్యాన్ని కాదని, జనం పాడుకునే ద్విపదలో ‘బసవపురాణం’ రాశాడు. అందులో భక్తులు రాజులు, పండితులు మాత్రమే కాదు. మడివాలు మాచయ్య ఉన్నాడు. ఆయన వృత్తి బట్టలు ఉతకడం. చాకలి మనిషిని శివభక్తుల్లో పెద్దగా నిలబెట్టిన కవి ఊళ్లో, ఏడు వందల ఏళ్లు గడిచాక, ఇంకో చాకలి మనిషి దొరను ఎదిరించి నిలబడింది. దీనికీ దానికీ నేరుగా దారం కట్టడం చరిత్రకు న్యాయం కాదు. కానీ ఎంగెల్స్ 1880లో ఊహా సోషలిజానికీ శాస్త్రీయ సోషలిజానికీ చెప్పిన తేడాను అర్థం చేసుకోవడానికి మనకు ఈ ఊరు చాలు. రాబర్ట్ ఓవెన్ వంటివాళ్ల మీద ఆయనకు గౌరవమే ఉంది. మనుషులంతా సమానమని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు, అసమానతను నిలబెట్టే ఆర్థిక యంత్రాన్ని మాత్రం విప్పి చూడలేదని ఆయన విమర్శ. సోమనాథుడు పని చేసే చేతికి దేవుడి ముందు సమానత్వం ఇచ్చాడు. ఆ చేయి దున్నిన భూమి ఎవరిదన్న ప్రశ్న ఆయన కాలంలో లేవలేదు. ఆ ప్రశ్నకోసం ఐలమ్మ దాకా ఆగాల్సి వచ్చింది.

చదువుకుంటున్న పిల్లలు ఇక్కడ చాలామంది కూర్చున్నారు, వాళ్లకోసం రెండు మాటలు. మీ ఊరి నుంచి హైదరాబాద్ పోయిన అన్నల్లో కొందరు బైక్ మీద పార్శిళ్లు మోస్తున్నారు. వాళ్లకు నెల జీతం లేదు, ఒక్కో ఆర్డర్‌కు ఇంత. కాపిటల్ మొదటి సంపుటంలో మార్క్స్ పీస్ రేటు కూలి గురించి ఒక అధ్యాయం రాశాడు. లెక్క కట్టి కూలి ఇస్తే మేస్త్రీ కాపలా కాయాల్సిన పని ఉండదు, కూలి తనను తానే తరుముకుంటాడు, పని గంటలు తానే పెంచుకుంటాడు, ఆఖరికి అందరి రేటూ పడిపోతుంది అన్నది ఆ అధ్యాయం సారం. బీడీలు చుట్టిన మీ అమ్మలకు ఇది తెలిసిన విషయమే. గుత్తకు నాట్లు వేసే ముఠాలకూ తెలుసు. కొత్తదనం యాప్‌లో ఉంది, కూలి లెక్కలో లేదు. నీతి ఆయోగ్ 2022లో ఇచ్చిన అంచనా ప్రకారం 2020–21లో దేశంలో ఇలాంటి పనివాళ్లు 77 లక్షలు, 2029–30 నాటికి 2.35 కోట్లు అవుతారు. రాజస్థాన్ 2023లో వీళ్లకోసం చట్టం చేసింది. కౌలురైతుకు పట్టా లేదు కాబట్టి అతను రైతు కాదంటున్నారు. డెలివరీ పిల్లవాణ్ణి భాగస్వామి అని పిలుస్తారు కాబట్టి అతను కార్మికుడు కాదంటున్నారు. ఒకే ఇంట్లో తండ్రికి అది, కొడుక్కు ఇది.

మరి ఏం చేయాలి? కేరళలో 1970 జనవరి 1 నుంచి కౌలుదారులకే భూమి హక్కు దక్కింది. పశ్చిమ బెంగాల్‌లో 1978లో ఆపరేషన్ బర్గా మొదలుపెట్టి, అధికారులు రాత్రిపూట ఊళ్లకే వచ్చి, జనం ముందే పాలుకు సాగు చేసే రైతుల పేర్లు రాసుకున్నారు. పద్నాలుగు లక్షలకు పైగా బర్గాదారులు రికార్డులోకి ఎక్కారు. వాళ్ల వాటా ఎంతో చట్టం చెప్పింది, ఇష్టమొచ్చినట్టు తొలగించడానికి వీల్లేకుండా చేసింది. ఆ ప్రభుత్వాల మిగతా విషయాల మీద ఎన్ని విమర్శలున్నా, పేరు రాసుకోవడం అన్న ఆ ఒక్క పని ఎంత బలమైనదో చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి కార్డులిచ్చారు, కానీ దానికి భూయజమాని ఒప్పుకోలు కావాలని పెట్టారు. ఆ ఒప్పుకోలు దగ్గరే చాలామంది ఆగిపోయారు. కాబట్టి మనం అడగాల్సింది యజమాని సంతకంతో పనిలేని గుర్తింపు. భూమి మీద హక్కు ఎవరిదన్నది వేరే సంగతి, ఈ పంట ఎవరు వేశారన్నది వేరే సంగతి. రెండోది ఊళ్లో ప్రతి మనిషికీ తెలుసు.

పట్టాదారుల్లో కూడా ఎకరం, రెండెకరాల వాళ్లున్నారు. పిల్లల చదువుకోసం పట్నం పోయి భూమి గుత్తకిచ్చినవాళ్లు, చేతకాక ఇచ్చిన ముసలివాళ్లు, భర్తలేని ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లు విసునూరు దొరలు కారు. వాళ్ల భూమి ఎక్కడికీ పోదని చట్టం గట్టిగా హామీ ఇవ్వాలి. వాళ్ల భయాన్ని అడ్డం పెట్టుకొని వందల ఎకరాలవాళ్లు, వ్యవసాయం చూడని పెట్టుబడిదారులు, ఫామ్‌హౌస్‌లవాళ్లు రైతు పేరున సాయం తీసుకుంటున్నారు. చిన్న పట్టాదారునూ కౌలురైతునూ ఎదురెదురుగా నిలబెట్టే రాజకీయం నడవనిస్తే మనం ఓడిపోతాం.

2011 చట్టం ఇంకా రద్దు కాలేదు. దాని ప్రకారం ఏటా కౌలురైతుల దరఖాస్తులు తీసుకోవాలి, విచారించాలి, కార్డులివ్వాలి. వచ్చే గ్రామసభకు ఇక్కడున్న కౌలురైతులంతా కలిసి పోయి, సర్వే నంబరు, ఎకరాలు, వేసిన పంట, ఎన్నేళ్లుగా సాగు చేస్తున్నారు, ఇవి రాసిన దరఖాస్తులు ఇయ్యండి. రసీదు అడగండి. ఆడవాళ్లు తమ పేరునే దరఖాస్తు పెట్టండి. చదువుకున్న పిల్లలు ప్రతి ఊరికీ ఇద్దరు ముగ్గురు కూర్చుని ఆ కాగితాలు నింపిపెట్టండి, ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. తీసుకోం అంటే తహసీల్దార్ ఆఫీసుకు పోదాం, అక్కడా కాకపోతే కలెక్టర్ దగ్గరికి జనగామకు పోదాం. కోత మొదలయ్యే లోపల ఈ పని కావాలి.